మంగతాయారుతో నా వైరం

నేను ఒక ఇత్తడి డబ్బాని. అందులోనూ పంచదార డబ్బాని. ముందే చెబుతున్నాను, నా మీద జాలి పడే పని పెట్టుకోకండి. మీ మనుషుల మీద నాకు ఇసుమంతైనా జాలి లేదు. మీ వంటింట్లోనూ నా జాతిది ఒకటి ఉండే ఉంటుంది, స్టీలుదో ప్లాస్టిక్‌దో. ఎవరూ చూడటం లేదనుకుని మీరు మూత తీసి చిటికెడు నోట్లో వేసుకున్నప్పుడల్లా అది మిమ్మల్ని చూసి నవ్వుకుంటూనే ఉంది. ఆ తర్వాత చప్పుడు కాకుండా మూత పెడతారు చూడండి, అదంటే మాకు మరీ సరదా.

పుట్టింది తణుకు దగ్గర అజ్జరంలో. పుట్టానని మర్యాదకు అంటున్నాను గానీ, నిజానికి నన్ను కొట్టి కొట్టి డబ్బాని చేశారు. బ్రహ్మలింగం అని ఒక కంచరి ఉండేవాడు. చేతిలో పనితనం, ముక్కు మీద కోపం. పెళ్ళాంతో గొడవైన రోజున ఆ కోపమంతా ఇత్తడి రేకు మీద చూపించేవాడు. నా అడుగున ఇప్పటికీ ఒక చొట్ట ఉంది. ఆ రోజు వాళ్ళింట్లో పులుసులో ఉప్పెక్కువైందట, దానికి నేను చేసిన పాపమేమిటి? లోపల తళతళలాడేలా కళాయి పూసి, మూతకు బందు బిగించి, సంతలో పెట్టాడు. మనుషులంటే నాకు మొదటి రోజు నుంచే కిట్టదు. తప్పు నాదంటారా?

పాలకొల్లు బస్టాండు ఎదురుగా కాఫీ హోటలు నడిపే గవర్రాజు నన్ను కొన్నాడు. మీ సంగతి నాకు అక్కడే పూర్తిగా తెలిసింది. పొద్దున్నే పంచె ఎగ్గట్టుకుని వచ్చే పెద్దమనుషులు పదిమందీ వినేలా, "గవర్రాజూ, మనకి పంచదార తక్కువోయ్" అని కేకేసేవారు. గ్లాసు చేతికొచ్చాక ఒక గుక్క తాగి, గొంతు తగ్గించి, "ఇంకో చెంచా పడెయ్యవోయ్, కషాయంలా ఉంది" అనేవారు. తగ్గించమన్న మాట ఊరంతా వినాలి, వెయ్యమన్న మాట గవర్రాజు ఒక్కడే వినాలి. పన్నెండేళ్ళు ఆ నాటకం చూశాక మీ మాట మీద నాకు గౌరవం ఎక్కణ్ణించి వస్తుంది?

హోటలు మూసేశాక గవర్రాజు నన్ను తన మేనకోడలి పెళ్ళి సారెలో పెట్టాడు. నిండా పంచదార పోసి, నాకు పసుపురాసి బొట్టుపెట్టి, "మా పిల్ల కాపరం తియ్యగా ఉండాలండి" అని వియ్యంకుల చేతికిచ్చాడు. ఆ మేనకోడలే మంగతాయారు. ఆమెకు పందొమ్మిదేళ్ళు. ఇద్దరం ఒకే బండిలో నరసాపురం వచ్చాం. నా ఈ కథంతా ఇక ఆమెతో పడ్డ పోరే.

మొగుడు సుబ్బారాయుడు గోదావరి రేవులో పంటు మీద టిక్కెట్లు చింపేవాడు. పంటంటే మనుషుల్నీ బళ్ళనీ అవతలి ఒడ్డుకు చేర్చే పెద్ద పడవ. మెతక మనిషి. పెళ్ళాం కంట నీరు చూడలేడు. అటువంటి మొగుడు దొరకడం ఆడదాని అదృష్టమని మీరంటారు. నా అదృష్టం అని నేనంటాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు లేసు అల్లుతారు. మంగతాయారు చేతికి లేసు సూది దొరికితే ఇక లోకం అక్కర్లేదు. ఆమె అల్లిన బల్ల గుడ్డలు ఏ దేశాలకు పోయేవో ఆమెకు తెలియదు గానీ, ఏజెంట్లు మాత్రం ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. అరుగు మీద కాలు మడిచి కూర్చుని, ఒక పువ్వు అల్లి, పక్కనున్న నా మూత తీసి, చిటికెడు నోట్లో వేసుకుని, వేళ్ళు తడిగుడ్డకు తుడుచుకుని రెండో పువ్వు మొదలుపెట్టేది. "నోరు తియ్యగా ఉంటేనే నాకు చెయ్యి సాగుద్దే" అని పక్కింటివాళ్ళతో అనేది. రోజుకు ముప్ఫై పువ్వులు తక్కువ కాకుండా అల్లేది. మధ్యలో టీలు వేరు. టీకి మూడు చెంచాలు, గోపురంలా నింపి.

నలభై ఆరో ఏట షుగరు జబ్బు బయటపడింది. రోగానికి మా పేరు పెట్టి మమ్మల్ని ముద్దాయిల్ని చేశారు మీరు. నేనేమైనా లేచి వెళ్ళి ఆమె నోట్లో పడ్డానా? మాత్రలు రాసిచ్చారు. మంగతాయారు బుద్ధిగా మాత్ర మింగేది, చేదుగా ఉందని మొహం చిట్లించేది, ఆ చేదు పోవడానికి వెంటనే నా మూత తీసేది. పదేళ్ళు అలాగే గడిచాయి. నేను మాత్రం ఒక్కరోజు కూడా ఖాళీగా లేను.

అప్పుడు కళ్ళకు పొర కమ్మింది. మొదట సూదిలో దారం దొరకలేదు. తర్వాత పువ్వులో రేకులు తప్పాయి. ఎనిమిది రేకుల పువ్వుకు ఒకచోట ఏడు, ఒకచోట తొమ్మిది. ముప్ఫై ఏడేళ్ళ అల్లికలో ఎన్నడూ లేనిది, ఏజెంటు ఒక బల్ల గుడ్డ వెనక్కి తెచ్చి అరుగు మీద పెట్టాడు. "మీ చెయ్యేనాండీ ఇది?" అని ఒక్క మాట అని పోయాడు. మంగతాయారు ఆ గుడ్డను ఒళ్ళో వేసుకుని, వేళ్ళతో తప్పులన్నీ తడిమి చూసుకుని, గుక్కపట్టి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, నా మూత తీసింది. ఏడ్చినా నేనే, నవ్వినా నేనే. అదీ నా దొరతనం.

భీమవరం కంటాసుపత్రికి తీసుకెళ్ళారు. మొదటిసారి షుగరు ఎక్కువుందని పంపేశారు. రెండోసారీ అంతే. మూడోసారి వెళ్ళొచ్చాక సుబ్బారాయుడు వంటింట్లో పీట మీద కూలబడి డాక్టరమ్మ మాటలు మళ్ళీ చెప్పాడు, పెళ్ళానికి కాదు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"శుక్లం తీసేత్తే చూపొచ్చేత్తదంట. కానీ ఈ షుగర్తో కత్తి పెట్టదంట ఆవిడ. కంటెనక పొర కూడా చెడ్డం మొదలెట్టిందంట. మూడు నెల్లు టైమిచ్చింది. ఈలోపు తగ్గిందా, సరే. లేదంటే ఆనక కోసినా చూపు రాదంటే, మంగా."

మంగతాయారు తడుముకుంటూ గట్టు దగ్గరికి వచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుంది. "నా కళ్ళు తినేశావు గదే, పాడుముండా!" అంది. ఎవరు ఎవరిని తిన్నారో మీరే తేల్చండి. నన్ను అటక మీద పెట్టించింది. "నీ మొహం చూత్తే ఒట్టు" అని శపథం కూడా చేసింది. చూడ్డానికి కళ్ళేవమ్మా నీకు, అనుకున్నాను నేను. అవును, అనుకున్నాను. మంచిదాన్నని నేనెప్పుడైనా చెప్పానా?

యుద్ధం మొదలైంది. మొదటి ఎత్తు ఏమిటనుకున్నారు? ఒక్కపొద్దులు! శనివారం వెంకన్నకు ఆమె ఎప్పటినుంచో ఒక్కపొద్దు ఉండేది. దానికి సోమవారం శివుణ్ణి కలిపింది. గురువారం సాయిబాబాను, శుక్రవారం లక్ష్మీదేవిని కూడా కలిపింది. వారానికి నాలుగు రోజులు పస్తు. "పుణ్యానికి పుణ్యం, షుగరూ తగ్గుద్ది. తినకపోతే ఎక్కణ్ణించి వత్తది?" అని లెక్క చెప్పింది. సుబ్బారాయుడు తలూపాడు. నాకైతే నవ్వాగలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక ధర్మసూక్ష్మం ఉంది. టీ తాగితే ఒక్కపొద్దు చెడదు! పొద్దున టీ, పదింటికి టీ, మధ్యాహ్నం ఆకలేసినప్పుడల్లా టీ. టీలకు కావలసిన పంచదార సుబ్బారాయుడు పొద్దున్నే అటకెక్కి నాలోంచి గిన్నెలోకి తీసిపెట్టేవాడు. అన్నం ముట్టదు, నిష్ఠ అంటే నిష్ఠే. పంచదార మాత్రం టీలో కరిగిపోయింది కాబట్టి దేవుడికి కనబడదు.

సాయంత్రం దీపం పెట్టేసరికి కడుపులో పేగులు అరిచేవి. దేవుడికి నైవేద్యం పెట్టిన పటికబెల్లం ముందు నోట్లోకి పోయేది, ప్రసాదానికి షుగరుండదు కదా మరి. ఆపైన బెల్లం అటుకులు, చక్కెరకేళీలు. అప్పటికీ చెయ్యి ఆగేది కాదు. "ఏవండీ, ఒక్కసారి దాన్ని దించండి. రేపణ్ణించి ముట్టుకోను" అనేది. ఆయన దించేవాడు. ఖాళీ కడుపున వచ్చిన ఆశ ముందు ఏ శపథమూ నిలవదు. ఇన్నేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, నాకు మీ బలహీనతకన్నా మీ ఆకలే పెద్ద తోడు. మీరు పస్తుంటే నాకు పండగ.

నెల గడిచాక చేసిన పరీక్షలో షుగరు తగ్గకపోగా పెరిగింది. మంగతాయారు దేవుళ్ళ మీద అలిగింది. అయినా ఒక్కపొద్దు మానలేదు.

ఒక శనివారం, పాలు విరిగి టీ కూడా పడని రోజు, నాలుగింటప్పుడు అరుగు మీద కూర్చున్న మనిషి అలవాటుగా పట్టుకున్న సూది చేతిలోంచి జారిపోయింది. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకు. "ఏవండీ" అనబోయి సగంలో నాలుక మడతపడింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన సుబ్బారాయుడు లబోదిబోమంటూ అటకెక్కి నన్ను దించి, గ్లాసు నీళ్ళలో మూడు చెంచాలు కలిపి గుక్కగుక్కగా తాగించాడు. పావుగంటకు ఆమె కళ్ళు తెరిచి, "నాకేవైందండీ?" అంది.

చూశారా! ఎవరు బతికించారు? పాడుముండే బతికించింది. ఆ రోజు నా గర్వానికి హద్దు లేదు. సుబ్బారాయుడు నన్ను అటకెక్కించకుండా మంచం పక్కనే పెట్టాడు. ఇక ఆ ఇల్లు నాదే అనుకున్నాను.

ఆ గర్వం గంట నిలిచింది. కబురందుకుని సునంద వచ్చింది. అదే వీధిలో ఉండే ఆశా వర్కరు. ముప్ఫై ఏళ్ళుండవు గానీ, మొహమాటం బొత్తిగా లేని పిల్ల. వేలు పొడిచి రక్తం చూసి, పడిపోయినప్పుడు మనిషెలా ఉందో అడిగి, ఒక్కసారిగా మొహం ఎర్రగా చేసుకుంది.

"పిన్నీ, పొద్దున మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నానమ్మా. మందుకి దోషం లేదు గదా."

"అన్నం?"

"ఒక్కపొద్దు గదే."

"మాత్రేసుకుని అన్నం తినవా? ఆ మాత్ర ఒంట్లో ఉన్నదాన్ని కిందకి లాగేత్తది పిన్నీ! లోపలేం లేకపోతే నిన్నే లాగేత్తది. ఈయేళ బాబాయి ఇంట్లో లేకపోతే ఏటయ్యేదో తెలుసా నీకు?" అని, సుబ్బారాయుడి వైపు తిరిగింది. "మీరు చేసింది రైటే బాబాయ్. అలా పడిపోయినప్పుడు పంచదార నీళ్ళే ఇవ్వాల. కానీ ఆ పడిపోడానికి కారణం పస్తు. సాయంత్రం తీపి మీద పడిపోడానికీ కారణం ఆ పస్తే. పొద్దంతా కడుపు మాడ్చుకుని పంచదార డబ్బాతో కుత్తీ పడితే ఎవరు గెలుత్తారు?"

ఆ పిల్ల వచ్చిన క్షణం నుంచి నాకు నచ్చలేదు. ఇన్నేళ్ళుగా నేను దాచుకున్న గుట్టు ఒక్క మాటలో బయటపెట్టేసింది.

మర్నాడే మాత్రల సంగతి ఆసుపత్రిలో చెప్పి సరిచేయించింది. నన్ను మంచం పక్కనుంచి వంటింటి గట్టు మీదకు మార్పించి, బీరువాలో ఒక గ్లూకోజు పొట్లం పెట్టించింది. "మళ్ళీ వణుకొత్తే ఇది. వణుకు లేకుండా దీని జోలికెళ్తే నీ పని చెప్తాను" అంది. ఇక మొదలైంది నా కష్టకాలం. పొద్దున ఎనిమిదింటికల్లా పెసరట్టు, లేకపోతే రెండు గుడ్లు. పదకొండింటికి గుప్పెడు వేయించిన శనగలు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గి పప్పూ కూరా రెట్టింపయ్యాయి. నాలుగింటికి పల్లీలో, జామకాయో. నోరు లాగినప్పుడు ముందు గ్లాసుడు పలచటి మజ్జిగ. "సగంసార్లు అది దాహం పిన్నీ, తీపి కాదు" అనేది సునంద. ఎంత దిక్కుమాలిన నిజం!

టీలో పంచదార ఒకేసారి మానిపించలేదు, అక్కడే దాని తెలివంతా ఉంది. ఒకేసారి మానితే నాలుగో రోజుకు నా కాళ్ళ దగ్గరికి వచ్చేవారు మీరు, అటువంటివాళ్ళను ఎంతమందిని చూశాను! మూడు చెంచాలను వారానికి రెండున్నర చేసింది, తర్వాత రెండు, ఒకటిన్నర. నాలుక తనకు తెలియకుండానే మెత్తబడిపోయింది. ఆరో వారంలో సుబ్బారాయుడి గ్లాసు పొరపాటున తాగి, "ఛీ, ఇదేం తీపండీ బాబూ, పాకంలాగ!" అని ఉమ్మేసింది. నన్ను ఉమ్మేసింది. ముప్ఫై ఏడేళ్ళలో ఆ అవమానం మొదటిది.

అయినా పువ్వు పువ్వుకూ వేసుకున్న చిటికెడు అంత తొందరగా పోతుందా? అరుగు మీద కూర్చోగానే చెయ్యి పక్కకు పాకేది. దానికి మందు మాత్రం మంగతాయారే కనిపెట్టింది. కళ్ళు కనబడక పువ్వు అల్లలేదు గానీ, గొలుసు అల్లడానికి కళ్ళు అక్కర్లేదు. ఒక కన్నం, దాంట్లోంచి ఇంకో కన్నం, వేళ్ళకు తెలిసిన పని. తీపి ఆశ పుట్టిందా, దారం తీసుకుని గొలుసు మొదలెట్టేది. ఆశ చల్లారేదాకా అల్లేది. మొదటిరోజు గొలుసు అరుగు చివరిదాకా పోయింది. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి సునందను బూతులు తిట్టింది, సూది విసిరేసి మళ్ళీ వెతుక్కుంది. నేను గట్టు మీద నుంచి, రా, రా, ఇంకెంతసేపు, అనుకుంటూనే ఉన్నాను. రాలేదు. పావుగంటకు ఆశే విసుగెత్తి పోయింది. నెల తిరిగేసరికి గొలుసు మూరెడు అల్లితే చాలేది. ఇంతమంది మనుషులకు తెలియని నా రహస్యం ఇది, మంగతాయారుకు తెలిసిపోయింది: నా పిలుపు పావుగంటకు మించి వినబడదు.

ఇక నాకు మిగిలిన ఆశ సుబ్బారాయుడు. మెతక మనిషని చెప్పాను కదా. పెళ్ళాం మొహం చిన్నబోయిందని ఆయనకు నిద్రపట్టేది కాదు. ఒకనాడు సాయంత్రం తువ్వాలు కింద ఏదో దాచుకుని వచ్చాడు.

"మంగా, ఇలా రా. పూతరేకులు. భయపడకు, పంచదారవి కాదు, బెల్లంవి. బెల్లం ఒంటికి మంచిదే గదా!"

ఆహా! మీ జాతిలో ఈ మాట కనిపెట్టినవాడికి గుడి కట్టాలి. బెల్లం మా అక్కచెల్లెలే గదయ్యా, రంగే వేరు! మంగతాయారు వద్దంది. ఆయన బతిమాలాడు. "ఒక్కటే. నెలన్నరబట్టి నోరు కట్టుకున్నావు, చూళ్ళేకపోతన్నాను" అన్నాడు. ఒకటి తింది. తర్వాత ఇంకోటి. పొట్లంలో పది ఉంటే ఆరు అయిపోయాయి. నా ప్రాణం లేచొచ్చింది.

సునంద ఇచ్చిన మిషనుతో వేలు పొడుచుకుంటే మూడువందల నలభై. అంకె చదివింది సుబ్బారాయుడే. చదివి, మిషను తువ్వాలుతో తుడిచి మళ్ళీ చదివాడు.

"మీరు నా మీద ప్రేమతో తెచ్చారా, నన్ను గుడ్డిదాన్ని చెయ్యాలని తెచ్చారా?" అంది మంగతాయారు. అరవలేదు. అరిచి ఉంటే ఆయన తట్టుకునేవాడు.

"ప్రేమతోనే తెచ్చానే" అన్నాడు.

"మీ ప్రేమా, నా భక్తీ రెండూ ఒకటేనండి. కాశీ ఎల్లినప్పుడు ఇష్టమైంది వదిలెయ్యాలంటే నేనేం వదిలేశాను?"

"ఎలక్కాయ."

"నా జన్మలో ఎలక్కాయ తిన్నానా? మరి మీరో?"

సుబ్బారాయుడు తలొంచుకున్నాడు. "కాకరకాయ" అన్నాడు. ఆయన కాకరకాయ కూర ఉన్నరోజున పెరుగుతో లేచిపోతాడని వీధంతా ఎరుగుదురు.

"ఇద్దరం కలిసి గంగమ్మని మోసం చేశాం. నాలుగు ఒక్కపొద్దులుండి టీ తాగి నలుగురు దేవుళ్ళని మోసం చేశాను. ఎవరికి పోయింది? నా కళ్ళు పోయాయి." ఆమె లేచి, తడుముకోకుండా సూటిగా గట్టు దగ్గరికి వచ్చి నన్ను చంకన పెట్టుకుంది. "పదండి రేవుకి."

పొద్దు వాలుతున్న వేళ ఇద్దరూ గోదావరి రేవులో దిగారు. మోకాళ్ళ లోతుకు వచ్చాక మంగతాయారు నా మూత తీసింది. తల్లీ గోదారీ అంది గానీ ఇంకేమీ మొక్కలేదు, వరాలేమీ అడగలేదు. నన్ను బోర్లించేసింది. ముప్ఫై ఏడేళ్ళలో నా లోపలి అడుగుకు గాలి తగలడం అదే మొదలు. పంచదార నీళ్ళలో పడి కరిగిపోతుంటే నేను కళ్ళారా చూశాను. ఆయన చేతిలో మిగిలిన పూతరేకులు నాలుగూ ఆయనే నీళ్ళలో వదిలాడు. పక్కన బట్టలు జాడించుకుంటున్న ఒకావిడ, "ఏవండోయ్, చేపలకి షుగరొచ్చేత్తది!" అని నవ్వింది. మంగతాయారు కూడా నవ్వింది. నవ్వుతూనే నన్ను కడిగేసింది.

నన్ను మళ్ళీ వంటింటి గట్టు మీదే పెట్టారు, ఖాళీగా. బోర్లించనైనా లేదు. నాకేం బెంగలేదని చెప్పుకున్నాను. గోదావరిలో వదిలేస్తే పోతుందా? ముప్ఫై ఏడేళ్ళ అలవాటు! ఆమెకు నేను కనబడటం లేదు కాబట్టి సరిపోయింది. ఆ కళ్ళు రానీ. మెరుస్తూ ఎదురుగా ఉన్న నన్ను ఒక్కసారి చూడనీ. చూస్తే చెయ్యి ఆగుతుందా, నేను చూడనా! అక్కడే, అదే ఆశతో కూర్చున్నాను.

ఇచ్చిన గడువుకు ఇంకా ఆరు రోజులుండగా మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష చేయించారు, అందులో ఎనిమిది లోపు వస్తేనే కత్తి పట్టేది. సుబ్బారాయుడు కాగితం పట్టుకుని వీధి మొదటినుంచే అరుచుకుంటూ వచ్చాడు. "ఏడున్నరంటే మంగా! కోత్తానందంట డాక్టరమ్మ!" ఇద్దరూ అరుగు మీద కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. సునంద వచ్చి ఇద్దర్నీ తిట్టి, తనూ కళ్ళు తుడుచుకుంది.

కుడికన్నుకు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పించుకుని నల్లద్దాలతో ఇంటికి వచ్చిన మంగతాయారు గుమ్మంలోనే ఆగిపోయింది. అద్దాలు కొంచెం పైకెత్తి మొగుడి మొహం చూసింది. "ఏవండీ, ఇంతలా నెరిసిపోయారేంటండీ! ఎప్పుడు?" అంది. ఆయన గడ్డం నిమురుకున్నాడు. చూరుకు పట్టిన బూజు చూసింది. గోడ మీది మసి చూసి, "ఇంతకాలం ఈ కొంపలోనా ఉన్నాం!" అని తిట్టింది. గోడకున్న వెంకన్న పటం ముందు చాలాసేపు నిలబడింది.

నేను ఎదురుచూస్తున్నాను. కిటికీలోంచి పడుతున్న ఎండలో నా అంత మెరుస్తున్నది ఆ వంటింట్లో ఇంకోటి లేదు. ఆమె చూపు పొయ్యి మీది నుంచి శనగల సీసా మీదకు, అక్కణ్ణించి నా మీదకు వచ్చింది. వచ్చి ఆగలేదు. నన్ను దాటుకుని పక్కనున్న దారపు ఉండల దగ్గరికి పోయింది. ఆమె తెల్లదారం ఉండ ఒకటి తీసి, వేళ్ళ మధ్య సాగదీసి, పోగు పోగూ చూసుకుంటూ, "కనబడతంది! పోగు కనబడతందండీ!" అంది.

కాసేపటికి మొగుడితో ఏదో చెబుతూ నన్ను చేత్తో కొంచెం పక్కకు జరిపింది. "ఇది ఖాళీదే గదా? బట్టలుతికే పౌడరు పోసి దొడ్లో పెట్టండి, కాగితం పొట్లంలో తడిసిపోతంది" అంది.

ఇప్పుడు నేను దొడ్లో చేదబావి గట్టు మీద ఉన్నాను. కడుపునిండా సబ్బుపొడి. కళాయి పోయి, ఆకుపచ్చ చిలుము పట్టింది. అరుగు మీద ఆమె అల్లుతూ పక్కింటివాళ్ళతో చెప్పే కబుర్లు నాకిక్కడికి వినబడతాయి. ఇరవై పువ్వులైందనీ, పాతికైందనీ చెప్పుకుంటుంది. తన కంటి కథ కూడా అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు చెబుతూ ఉంటుంది. పెసరట్టు చెబుతుంది, మజ్జిగ చెబుతుంది, గొలుసు చెబుతుంది, సునందను దీవిస్తుంది. వారానికి రెండుసార్లు ఉతకడానికి వచ్చి నా మూత తీసి, గుప్పెడు పొడి తీసుకుని, మూత పడేసి పోతుంది. ఒక్కసారైనా ఆగి నా వైపు చూస్తుందేమోనని ప్రతిసారీ అనుకుంటాను.

పాడుముండా అని ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.